బోర్డు మీద లేని మాట

నెలకొకసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, మా ఇంటి హాల్లో ఆరుగురం చేరి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. దానికి బుక్ క్లబ్ అని పేరు పెట్టింది రిటైరైన లెక్చరర్ గారు. పేరు గొప్పగానే ఉంది గానీ సగం సేపు పుస్తకం, సగం సేపు మోకాళ్ళ నొప్పులు. మా ఆయన ఆ పూటకి మేడ మీదికి పోయి పడుకుంటాడు. నెల్లూరు దోమలు మొదలయ్యేసరికి ఎంత గొప్ప చర్చ అయినా ముగిసిపోవాల్సిందే.

అందులో నాకొక పని ఉంది. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. కాబట్టి ఇంగ్లీషు పుస్తకం పెట్టుకున్న నెలల్లో మొదటి అరగంట నేను కథను తెలుగులో చెప్పాలి. టైలరింగ్ షాపు నడిపే ఆమె తెలుగు నవలలు బస్తాలకొద్దీ చదివింది, ఇంగ్లీషు మాత్రం రాదు. ఆమె కోసం మొదలైన ఏర్పాటు అది. తర్వాత ఇంకొకరు తోడయ్యారు. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, చింతపండులో గింజలు తీస్తూ వినే మా అక్క.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. మాది విడవలూరు దిక్కున సముద్రపు ఒడ్డు పాలెం. నన్ను కన్నాక అమ్మ మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. రెండో తరగతి చదువుతున్న అక్క పలక పక్కన పెట్టి నన్ను చంకనేసుకుంది. ఆ తర్వాత ఆమె చేతికి పలక రాలేదు, చేపల తపేలా వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ళు నెల్లూరు వీధుల్లో చేపలమ్మింది. నన్ను టీచర్ని చేసింది. బావ పోయాడు, పిల్లలు లేరు, మోకాళ్ళు అరిగిపోయాయి. రెండేళ్ళ క్రితం వచ్చి నా దగ్గర ఉంటోంది.

ఇది నేను దాచుకునే సంగతేమీ కాదు. ఇప్పుడు కాదు. స్కూల్లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు మైకు పట్టుకుని, మా అక్క చేపలమ్మి నన్ను చదివించిందని చెప్తాను. గొంతు ఎక్కడ ఆపాలో కూడా తెలుసు నాకు. పిల్లలు చప్పట్లు కొడతారు, హెడ్మాస్టర్ గారు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఇంటికొచ్చి అక్క వండిన పులుసు తింటాను. ఆ చప్పట్లలో ఎంత మోసం ఉందో ఒక నవల వచ్చి చెప్పేదాకా నాకు నేను మంచిదాన్నే.

ఆ నవల లెక్చరర్ గారి ఎంపిక. ఆయన అమెరికా సాహిత్యం పాఠం చెప్పిన మనిషి. చికానో అనే మాట మాలో ఎవరికీ తెలియదు. మెక్సికో మూలాలున్న అమెరికా వాళ్ళనీ, అక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లీషుగా బతుకుతారనీ, కొందరి ముత్తాతలు ఆ నేల మెక్సికోలో ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నారనీ ఆయన వివరించారు. హాల్లో అందరం గంభీరంగా తలలూపాం. గుమ్మం దగ్గర్నుంచి అక్క అంది:

"మన తడ దగ్గరోళ్ళ మాదిరిగా. ఇంట్లో అరవం, రేషన్ కార్డు ఆంధ్రాది."

లెక్చరర్ గారు నవ్వి, నలభై ఏళ్ళ సర్వీసులో తాను ఇంత తేలిగ్గా చెప్పలేకపోయానన్నారు.

కథ ఒక పన్నెండేళ్ళ పిల్లది. ఎడారి పక్కన చిన్న ఊరు. తండ్రి లేడు. తల్లికి ఇంగ్లీషు రాదు. మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, పొత్తు మీది ఆకులో చుట్టి, ఆవిరి మీద ఉడికించి బడి ముందర తోపుడు బండి మీద అమ్ముతుంది. "ఆకులో కుడుములన్నమాట" అంది అక్క. అక్కడ ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండినప్పుడు ఊరందరినీ పిలిచి పెద్ద గౌను తొడిగి వేడుక చేస్తారని చెప్తే, టైలరింగ్ షాపు ఆమె ఆ గౌనుకు ఎన్ని మీటర్లు పడుతుందని అడిగింది. పుస్తకంలో అది లేదంటే నిరుత్సాహపడింది. ఇల్లంతా సందడిగా ఉంది ఆ పూట. నేను హుషారుగా చెప్పుకుపోతున్నాను.

ఆ పిల్ల చేసే పని ఒకటుంది. తల్లికీ లోకానికీ మధ్య మాటలు మోయడం. కరెంటు ఆఫీసులో, ఆస్పత్రిలో, బడిలో ఎవరేం చెప్పినా ఇంగ్లీషులో విని తల్లికి స్పానిష్‌లో చెప్పాలి. ఏడో అధ్యాయంలో ఆ పిల్ల టీచరు వరండాలో తల్లిని ఆపి మాట్లాడుతుంది. మీ వంట ఎంత బాగుంటుందో పిల్లలంతా చెప్పుకుంటున్నారు, మన బడి తిరునాళ్ళకు మీరు బండి తేవాలి అంటుంది. పిల్ల పక్కనే నిలబడి ఉంటుంది. తోటి పిల్లలు చూస్తున్నారు. తల్లి చేతులకు పిండి అంటుకుని ఉంది. ఆ పిల్ల తల్లి వైపు తిరిగి, ఈ వీధిలో బండి పెట్టకూడదట, బడి వాళ్ళు రూలు పెట్టారట అని చెప్తుంది. తల్లి చేతులు గుడ్డకు తుడుచుకుని, టీచరుకు వంగి దండం పెట్టి, బండి తిప్పుకుని పోతుంది. టీచరేమో ఆమె ఒప్పుకుందనుకుని నవ్వుతుంది.

ఈ అధ్యాయం నేను చెప్పలేదు.

ఆరో అధ్యాయం అయ్యాక నీళ్ళు తాగి, ఎనిమిదో అధ్యాయం ఎత్తుకున్నాను. తల్లి రైలు పట్టాల అవతలి పేటలో బండి పెట్టుకుందనీ, అక్కడ గిరాకీ తక్కువనీ, పిల్ల ఎనిమిదో తరగతిలోకి వచ్చిందనీ చెప్పాను. గొంతు తడబడలేదు. పాఠం చెప్పడం అలవాటైన గొంతు కదా. పుస్తకం చదివినవాళ్ళు ముగ్గురున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. క్లుప్తంగా చెప్తోందనుకుని ఉంటారు.

చింతగింజ ఒకటి చాటలో పడి ఆగింది.

"ఆమె వీధి ఎందుకు మార్చింది?" అంది అక్క.

"ఊరికే. అక్కడ అమ్ముకుందామని."

"ఊరికే ఎవరూ వీధి వదలరే పాపా. బడి ముందర కుడుములమ్ముకునేది, గిరాకీ లేని పేటకు పొయ్యి అమ్ముతాదా? ఏదో జరిగుంటాది. నువ్వు చెప్పలా."

వింటున్న చదువుకున్నవాళ్ళెవరికీ అడగాలని తట్టని ప్రశ్న అది. వీధి అంటే ఏమిటో తెలిసిన మనిషే అడుగుతుంది. "రచయిత్రి రాయలేదక్కా" అన్నాను.

సోఫాలో కూర్చున్న బ్యాంకు మేడం తలెత్తింది. ఆమె మా వీధి మూలింటి కోడలు. బ్యాంకులో రిటైరై పుస్తకాల్లో పడ్డ మనిషి. ప్రతి పుస్తకం పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదువుతుంది. "అది ఏడో అధ్యాయంలో..." అని మొదలుపెట్టింది. నేను లేచి, "మేడం, టీ చల్లారిపోతోంది" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. చూసి, కప్పు చేతిలోకి తీసుకుంది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి మెల్లగా అడిగింది. "ఆ అధ్యాయం ఎందుకు వదిలేశారండీ? అదే కదా పుస్తకమంతా." టైము చాలదనుకున్నానని చెప్పాను. ఆమె ఎదుట అబద్ధం చెప్పడం నాకు మరీ కష్టం. ఎందుకో చెప్పాలంటే పదకొండేళ్ళు వెనక్కి పోవాలి.

మా పాలెంలో చేపలమ్మే ఆడవాళ్ళకు వాడుక అని ఒకటుంది. ఒక్కొక్కరికి పట్నంలో కొన్ని వీధులు ఉంటాయి. ఆ వీధుల్లో మా పాలెం మనిషి ఇంకెవరూ తపేలా దించరు. ఇది కాగితం మీద రాసుకున్నది కాదు. నీళ్ళ మీద వల వేసే చోట్లకు మగవాళ్ళకు వంతులున్నట్టే, వీధుల్లో ఆడవాళ్ళకు ఇది. వంతు తప్పి వల వేసినవాణ్ణి పెద్దలు గుడి ముందు చెప్పుల్లేకుండా నిలబెట్టి, చేసిన తప్పు వాడి నోటితోనే ఊరందరి ముందూ చెప్పిస్తారు. వీధి విషయంలో అంతదాకా వచ్చినట్టు నేను వినలేదు. ఎవరూ తప్పరు కాబట్టి.

అక్కకు వాడుక వీధులు మేనత్త నుంచి వచ్చాయి. వాటిలో మంచిది ఇప్పుడు నేనున్న ఈ వీధి. నాకు నెల్లూరుకు బదిలీ అయినప్పుడు ఇక్కడ ఇల్లు ఖాళీ అయిందని చెప్పింది కూడా అక్కే. నేను దిగాను. అక్క ఎప్పట్లాగే పొద్దున ఏడింటికి వచ్చేది. సందువలు, మాగలు, వానాకాలంలో నెత్తళ్ళు. వీధంతా అమ్ముకుని, ఖాళీ తపేలా మా పెరట్లో కడుక్కుని, కాఫీ తాగి పోయేది. మొదటి రెండు నెలలూ నాకేమీ అనిపించలేదు. తర్వాత ఒకరోజు ఎదురింటావిడ నవ్వుతూ అడిగింది. "ఆ చేపలామె మీకు బంధువా టీచర్ గారూ? ముఖాలు కలుస్తుంటేనూ." ఆమె మనసులో ఏమీ లేదు. ఇప్పుడు తెలుస్తుంది. ఆ వేళ నాకు తల కొట్టేసినట్టయింది. "అబ్బే, మా ఊరివైపు మనిషి" అన్నాను.

ఆ మర్నాడే వీధి మొదట్లో కాలనీ బోర్డు మీద కాగితం అంటించారు. నేను స్కూలుకు బయల్దేరాను, అక్క ఎదురొచ్చింది. తపేలా నెత్తిన ఉండగానే బోర్డు ముందు ఆగింది.

"ఏం రాసినారు పాపా?"

ట్యాంకు కడుగుతున్నారు, రెండు రోజులు నీళ్ళు రావు, ముందే పట్టుకోండి అని ఉంది అందులో. నాలుగు లైన్లు. నేను ఆ నాలుగు లైన్ల మీద కళ్ళు పెట్టి, పాఠం చదివే గొంతుతో చదివాను. "చేపలు, మాంసం అమ్మేవారు ఈ వీధిలోకి రాకూడదు. కాలనీవాసుల విన్నపం." విన్నపం అన్న మాట కావాలని కలిపాను. నిజం కాగితంలా వినిపించాలని.

ముందు అనుకుని చేశానా అంటే, లేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోలేదు. అది ఇంకా పెద్ద తప్పు.

అక్క కాసేపు ఆ కాగితం వైపే చూసింది. తనకు రాని అక్షరాలను అంత మర్యాదగా చూసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"అందరూ కలిసి రాసినారా?"

"అందరూ."

"మూలింటి అవ్వ గూడానా?"

మూలింటి అవ్వంటే బ్యాంకు మేడం అత్తగారు. అక్క చేతిలోంచి తప్ప ఇంకెవరి దగ్గరా చేప తీసుకునేది కాదు. మేడం ఎనిమిదింటికే బ్యాంకుకు తయారయ్యే హడావిడిలో ఉండేది, అక్క ముఖం కూడా సరిగా ఎరగదు. అవ్వకూ అక్కకూ మాత్రం బుధవారం పొద్దున ఒక అరగంట కబుర్లు.

"అందరూ అంటే అందరూ అక్కా" అన్నాను.

"సర్లే. నోటితో చెప్పుంటే పోయేది గదా. బోర్డు మీద రాయాల్నా."

నిండు తపేలాతో అలాగే వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి రాలేదు. పాలెంలో మిగతా ఆడవాళ్ళకూ చెప్పింది, ఆ వీధికి ఎవరూ పోవద్దు, రానియ్యరంట అని. రైలుకట్ట అవతల ఎవరి వాడుక వీధుల్లోనో సగం వాటా అడుక్కుని, అక్కడ అమ్ముకుంది. అన్నేళ్ళూ. ఆ మోకాళ్ళు రైలుకట్ట మెట్ల మీదే అరిగాయి. పది రోజులు పోయాక మూలింటి అవ్వ గేటు దగ్గర నన్నాపి, "చేపలమ్మి రావడం లేదే తల్లీ, ఒంట్లో బాగుందా?" అని అడిగింది. "నాకేం తెలుసండీ" అన్నాను.

ఇంత చేసి, రెండేళ్ళ క్రితం అదే అక్కను తెచ్చి అదే వీధిలో పెట్టుకున్నాను. ముందు గేటు నుంచి ఆమె ఎప్పుడూ బయటికి పోదు. మందులకైనా, గుడికైనా వెనక సందులోంచే. ఎదురింటావిడ పలకరిస్తే తల దించుకుంటుంది. క్లబ్బుకు వచ్చేవాళ్ళకు టీ ఇస్తుంది, బ్యాంకు మేడం వంతు వచ్చేసరికి కప్పు బల్ల మీద పెట్టి పక్కకు తిరుగుతుంది. మీ అక్కగారికి నా మీద కోపమా అని మేడం ఒకసారి అడిగింది కూడా. పెద్దతనం, చాదస్తం అన్నాను. తనను వెలివేశారనుకున్న మనుషుల మధ్య, నాకోసం, నోరెత్తకుండా బతుకుతున్న మనిషికి చాదస్తం అని పేరు పెట్టాను.

ఆ ఆదివారం తర్వాత అక్క ఆ కుడుములావిణ్ణి మర్చిపోలేదు. కూరగాయలు తరుగుతూ అదే మాట. బట్టలు ఆరేస్తూ అదే మాట. ఏం జరిగి ఉంటుందో తనే ఊహించి చెప్పేది. పక్క బండివాళ్ళతో తగువేమో. పోలీసులేమో. నేను వింటూ, ఏమో అంటూ, తేలు కుట్టిన దొంగలా తిరిగేదాన్ని. వారం తర్వాత ఒక మధ్యాహ్నం పెరట్లో కూర్చుని తనే తేల్చేసింది.

"నాకు తెలిసిపాయ పాపా. ఆ బడికాడోళ్ళు బోర్డు రాసుంటారు."

నేను తీగ మీది బట్టలు తీయసాగాను.

"ఆమెకు గూడా చదవను రాదు గదా. ఎవుర్నో అడిగి చదివించుకోనుంటాది. అప్పుడెట్టుంటాదో నాకు తెలుసు." ఆ మాట మీదే, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. "మూలింటి అవ్వ పోయినప్పుడు నేను వచ్చినానే. రైలుకట్ట కాడ ఎవురో చెప్పినారు. దండ కొనుక్కోని వచ్చినా. వీధి మొగలో ఆ బోర్డు కనపడింది. అడుగు పడలా. పదేళ్ళపైన నా చేతి చేప తినింది, ఆమె గూడా ఒద్దని రాసిందే, నేనేం మొగం పెట్టుకోని పోయేదనిపించింది. దండ కాలవలో ఏసి ఎళ్ళిపోయినా."

అవ్వ పోయి ఐదేళ్ళు. నేను తీసేసుకున్నది ఒక వీధి అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. తనను ప్రేమగా చూసిన మనిషి మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసేసుకున్నాను. చనిపోయిన మనిషికి కూడా అన్యాయం చేశాను. ఆ మధ్యాహ్నం పెరట్లోనే, అప్పుడే, అక్కా అది నేను చదివిన అబద్ధం అని చెప్పేసి ఉండొచ్చు. లేచి లోపలికి పోయాను. సిగ్గు మనిషిని మంచిదాన్ని చేస్తుందంటారు గానీ నన్ను మాత్రం పిరికిదాన్నే చేసింది.

తర్వాతి రెండో ఆదివారం దాకా ఆగాను. నవల రెండో సగం చెప్పాల్సిన రోజు. అందరూ వచ్చారు, అక్క పీట మీద చాటతో కూర్చుంది. ముందు ఒక బాకీ ఉందన్నాను, పోయినసారి ఒక అధ్యాయం వదిలేశాను, అది చదువుతానన్నాను. ఏడో అధ్యాయం ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. వరండా, టీచరు, పిండి చేతులు, పిల్ల మార్చి చెప్పిన మాట, తల్లి పెట్టిన దండం.

"అట్టనా" అంది అక్క. "పిల్లే చెప్పిందా." మళ్ళీ అడిగింది. "మళ్ళా ఎప్పుడైనా ఒప్పుకుందా తల్లి కాడ?"

"లేదక్కా. పెద్దయ్యాక పుస్తకం రాసింది."

"ఆమెకు చదవను రాదు గదా."

అప్పుడు లేచి నిలబడ్డాను. మా పాలెంలో తప్పు చెప్పేవాళ్ళు నిలబడే చెప్తారు. బోర్డు సంగతి చెప్పాను. ఎదురింటావిడ అడిగిన మాట, కాగితంలో నిజంగా ఏముందో, నేనేం చదివానో, మూలింటి అవ్వ గురించి ఏం చెప్పానో, అంతా. బ్యాంకు మేడం ముఖం చూడకుండా చెప్పాను.

ముందు తేరుకున్నది లెక్చరర్ గారు. "ఇలా ఒప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలండీ" అన్నారు. టైలరింగ్ షాపు ఆమె కళ్ళు తుడుచుకుని, మీరు నిజంగా గొప్పవాళ్ళు టీచర్ గారూ అంది. ఎవరో నా భుజం తట్టారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తప్పు చేసింది నేను, మెప్పు కూడా నాకే వస్తోంది. ఉపాధ్యాయ దినోత్సవం చప్పట్లు మా హాల్లోకి వచ్చేశాయి. అక్క దగ్గరికి ఎవరూ పోలేదు.

పోయింది బ్యాంకు మేడం ఒక్కతే. సోఫాలోంచి లేచి, గుమ్మం దగ్గర అక్క పక్కన నేల మీద కూర్చుంది.

"మా అత్తయ్య బుధవారం బుధవారం గేటు తీసి పెట్టమనేదమ్మా. చేపలమ్మి వస్తుందని. కుక్కలు దూరుతున్నాయని మేం కేకలేసేవాళ్ళం. మంచాన పడేదాకా తీయించింది."

అక్క ఆమె వైపు చూసింది. ఆ ఇంటి మనిషి ముఖం అక్క నేరుగా చూడటం అదే మొదలు. తర్వాత నా వైపు తిరిగింది.

"కాగితంలో ఏముండిందంటివి?"

"ట్యాంకు కడుగుతారని. రెండు రోజులు నీళ్ళు రావని."

"నీళ్ళ సంగతా" అంది. చాట కింద పెట్టింది. "నాతో ఒక్కదానితో చెప్పేదానికి నోరు రాలేదా నీకు? ఇందరి ముందర చెప్పాల్నా?"

"మన పాలెంలో అందరి ముందరే కదక్కా చెప్పిస్తారు."

"అది ఊరికి తప్పు చేసినోళ్ళకి. నువ్వు చేసింది నాకు. వీళ్ళు చూడు, నిన్ను మెచ్చుకుంటుండారు."

మోకాళ్ళ మీద చేతులానించి లేచి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ నవల గురించి మా క్లబ్బులో చర్చ జరగలేదు.

మర్నాడు పొద్దున అక్క ముందు గేటు తీసింది. రెండేళ్ళలో మొదటిసారి. "రా" అంది నాతో. మెల్లగా, గోడలు పట్టుకుంటూ వీధి మొదటిదాకా నడిచింది. బోర్డు ముందు ఆగింది. కొత్త బోర్డు అది, పాతది తుప్పు పట్టి తీసేశారు. దాని మీద ఒక కాగితం ఉంది.

"చదువు."

పెంపుడు కుక్కలకు టీకాలు వేయించుకోవాలని, ఆదివారం పార్కు దగ్గరికి తీసుకురావాలని ఉంది. చదివాను. చదువుతుంటే నా గొంతు నాకే అనుమానంగా వినిపించింది.

అక్క తల ఊపలేదు. పాల ప్యాకెట్లు పట్టుకుని ఎవరో అమ్మాయి వస్తుంటే ఆపింది. "అమ్మా, దీంట్లో ఏముందో రోంత చదివిపెట్టమ్మా" అంది. ఆ అమ్మాయి నన్ను చూసి, పక్కన టీచర్ ఉండగా నన్నెందుకు అడుగుతోందన్నట్టు నిలబడిపోయింది. తర్వాత చదివింది. కుక్కలు, టీకాలు, ఆదివారం, పార్కు. అప్పుడు తల ఊపింది అక్క. కోపంగా కాదు. బేరం అయ్యాక తూకం సరిచూసుకున్న మనిషిలా ఊపింది. అక్కణ్ణుంచి మూలింటికి పోయింది. గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను బయటే నిలబడ్డాను. రమ్మనలేదు, నాకూ పోయే ముఖం లేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. అక్క నాతో మాట్లాడుతుంది, పులుసు పెడుతుంది, స్కూలు నుంచి ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడుతుంది. ఏదీ మారలేదనే అనుకోవచ్చు. ఆస్పత్రి చీటీ మాత్రం నేను చదివాక పట్టుకుపోయి మూలింట్లో ఇంకోసారి చదివించుకుంటుంది. ఫోన్లో వచ్చిన మెసేజ్ అయినా అంతే.

క్లబ్బు నడుస్తోంది. కథ తెలుగులో నేనే చెప్తున్నాను. అక్క పీట గుమ్మం దగ్గర లేదు, సోఫా పక్కకు, బ్యాంకు మేడం కాళ్ళ దగ్గరికి జరిగింది. ఒక అధ్యాయం చెప్పి ఆపుతాను. అక్క నన్ను చూడదు, తలెత్తి మేడం వైపు చూస్తుంది.

"అంతేనామ్మా?"

మేడం పెన్సిల్ గీతలున్న పేజీలు వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి చూసుకుంటుంది. అంతసేపూ నేను పుస్తకం తెరిచి పట్టుకుని ఎదురుచూస్తాను. "అంతేనండీ, ఏమీ వదల్లేదు" అని మేడం చెప్పాక, అక్క ఇంకో చింతపండు రెబ్బ చేతిలోకి తీసుకుంటుంది. అప్పుడు నేను తర్వాతి అధ్యాయం మొదలుపెడతాను.